గ్యాస్ గీజర్ ఒకరోజు వెలుగుతుంది, ఒకరోజు వెలగదు: లోపం ఎక్కడ వెతకాలి?

రామగిరి నివాసి, నల్లగొండ | డిసెంబర్ 9, రాత్రి 9:15

అందరికీ నమస్కారం. మాది నల్లగొండలో ఒకే అంతస్తు ఉన్న సొంత ఇల్లు. మూడేళ్ల క్రితం నిమిషానికి 6 లీటర్ల గ్యాస్ గీజర్ ఒకటి పెట్టించుకున్నాము. మొదటి రెండు చలికాలాలు ఏ ఇబ్బందీ లేకుండా నడిచింది కానీ, ఈసారి కార్తీకం దాటినప్పటి నుంచి దాని తీరు అర్థం కావడం లేదు. కొన్ని ఉదయాలు నల్లా తిప్పగానే టిక్ టిక్ మని చప్పుడు చేసి వెలుగుతుంది. కొన్ని ఉదయాలు చప్పుడే రాదు, చన్నీళ్లే వస్తాయి. ఒక్కోసారి వెలిగిన ఐదారు సెకన్లకే ఆరిపోతుంది, ఒక్కోసారి చక్కగా వెలిగి, ఒంటికి సబ్బు రాసుకున్నాక స్నానం మధ్యలో ఆరిపోతుంది.

మెకానిక్ రెండుసార్లు వచ్చాడు. ఆ రెండుసార్లూ గీజర్ ఒక్కసారి కూడా మొరాయించలేదు. మొదటిసారి సెల్లులు మార్చి వెళ్లాడు. రెండోసారి లోపలి వాల్వ్ సెట్టు మొత్తం మార్చాలని, రూ.2,400 అవుతుందని చెప్పాడు. లోపం కళ్లారా చూడకుండా అంత ఖర్చు పెట్టడానికి మనసొప్పక ఇక్కడ అడుగుతున్నాను. వంటింట్లో స్టవ్వు బాగానే మండుతుంది కాబట్టి గ్యాస్ సరఫరాలో లోపం లేదనే అనుకుంటున్నాను.

మిర్యాలగూడ మెకానిక్ | డిసెంబర్ 9, రాత్రి 10:02

అన్నా, పద్దెనిమిదేళ్లుగా ఈ పనిలో ఉన్నాను కాబట్టి చెబుతున్నాను, ఇప్పుడే వాల్వ్ మార్చకండి. మీరు ఒకే జబ్బు అనుకుంటున్నది నిజానికి మూడు వేర్వేరు జబ్బులు, ఆ మూడింటినీ కలిపి చూడటం వల్లనే వచ్చిన మనిషికి ఏదీ దొరకడం లేదు.

గీజర్ లోపల పని ఒక వరుసలో జరుగుతుంది. మీరు నల్లా తిప్పగానే నీరు పారి, ఆ పారే వేగానికి లోపలి డయాఫ్రమ్ అనే పలచని రబ్బరు పొర ఒక పక్కకు వంగుతుంది. దాని మీదున్న పిన్ను బయటికి వచ్చి మైక్రోస్విచ్‌ను విడుదల చేస్తుంది. అప్పుడే సెల్లుల నుంచి కరెంటు పారి నిప్పురవ్వలు పుడతాయి, సోలినాయిడ్ వాల్వ్, అంటే కరెంటుతో పనిచేసే గ్యాస్ మూత, తెరుచుకుని గ్యాస్ వస్తుంది. మంట అంటుకున్నట్టు సెన్సర్ కడ్డీ తెలియజేస్తేనే ఆ వాల్వ్ తెరుచుకుని ఉంటుంది, లేకపోతే కొన్ని సెకన్లలో మూసుకుంటుంది.

కాబట్టి టిక్ టిక్ చప్పుడే రాలేదంటే ముందుగా నీటి వైపు చూడాలి, ఆ తరువాత సెల్లులు. చప్పుడు వస్తూ మంట రాకపోతే గ్యాస్ వైపు చూడాలి. మంట వచ్చి ఐదారు సెకన్లకే పోతే సెన్సర్ కడ్డీ వైపు చూడాలి. చాలాసేపు మండాక ఆరిపోయేది మాత్రం వేరే సంగతి. దాని గురించి చెప్పాలంటే గీజర్ ఎక్కడ బిగించారో, ఎన్ని నిమిషాలకు ఆరిపోతుందో తెలియాలి. మీరు ఒక నోటుబుక్కు తీసి వారం రోజులు రాయండి. ఏ సమయానికి, ఎవరు స్నానం చేస్తుండగా, చప్పుడు వచ్చిందా రాలేదా, ట్యాంకీలో నీరు ఎంత ఉంది, ఇవన్నీ రాయాలి.

సూర్యాపేట కిరాణా | డిసెంబర్ 10, ఉదయం 6:48

మా ఇంట్లోనూ చలికాలంలో ఇదే బాధ ఉండేది. సిలిండర్‌లో గ్యాస్ గడ్డకడుతుంది, అంతే. సిలిండర్‌ను పెద్ద టబ్బులో పెట్టి వేడినీళ్లు పోస్తే వెంటనే వెలుగుతుంది. కాస్త వంచి పెట్టినా గ్యాస్ బాగా వస్తుంది.

మిర్యాలగూడ మెకానిక్ | డిసెంబర్ 10, ఉదయం 7:30

పెద్దలు మీరు, తప్పుగా అనుకోవద్దు, కానీ ఆ రెండు పనులూ ఎవరూ చేయకూడదు. సిలిండర్‌ను వేడి చేస్తే లోపల ఒత్తిడి పెరుగుతుంది. వంచినా పడుకోబెట్టినా ఆవిరికి బదులు ద్రవమే రెగ్యులేటర్‌లోకి వచ్చి, బర్నర్ దగ్గర ఒక్కసారిగా పెద్ద మంట లేస్తుంది. అలా కాలిన గీజర్ ముఖాలను నేను విప్పి చూశాను. సిలిండర్ ఎప్పుడూ నిలువుగానే, గాలి ఆడే చోటనే ఉండాలి.

నాగర్‌కర్నూల్ ఇంజినీర్ | డిసెంబర్ 10, ఉదయం 8:11

గ్యాస్ గడ్డకట్టడం అనే మాటను కొంచెం వివరిస్తాను. మన ఇళ్లకు వచ్చే గ్యాస్ ప్రొపేన్, బ్యూటేన్‌ల మిశ్రమం. ప్రొపేన్ సున్నాకు 42 డిగ్రీలు దిగువన, బ్యూటేన్ దాదాపు సున్నా డిగ్రీల దగ్గర మరుగుతాయి. పాలమూరు, నల్లగొండ చలి ఎంత ముదిరినా ఆ స్థాయికి పోదు కనుక మన దగ్గర గ్యాస్ ఆవిరి కావడం ఆగదు, ఇక గడ్డకట్టడం అనే మాటే లేదు. అయితే ద్రవం ఆవిరి కావడానికి కావలసిన వేడిని సిలిండర్ గోడ నుంచే తీసుకుంటుంది. గీజర్ ఎక్కువసేపు మండితే సిలిండర్ అడుగు చల్లబడి చెమట పట్టడం, ఒత్తిడి తగ్గడం నిజమే. అది అడుగంటిన సిలిండర్‌కు, అందులోనూ తెల్లవారుజామున, ఎక్కువగా కనిపిస్తుంది.

ఇక రామగిరి నివాసి గారు స్టవ్వు బాగా మండుతుంది కాబట్టి గ్యాస్ వైపు లోపం లేదని అన్నారు. ఆ ముగింపు నిలవదు. 6 లీటర్ల గీజర్ పూర్తి మంటతో గంటకు సుమారు కిలో గ్యాస్ కాలుస్తుంది, అంటే మీ స్టవ్వు మీది నాలుగైదు బర్నర్లు ఒకేసారి మండినంత. పాతబడిన రెగ్యులేటరో, మడత పడిన గొట్టమో స్టవ్వుకు సరిపడా ఇస్తూనే గీజర్‌కు చాలకపోవచ్చు.

పాలమూరు నర్సు | డిసెంబర్ 10, మధ్యాహ్నం 1:40

మెకానిక్ గారు అడిగిన ప్రశ్ననే నేనూ అడుగుతున్నాను. గీజర్ ఎక్కడ బిగించారు? స్నానాల గది లోపలా, బయటా? గదికి వెంటిలేటర్ ఉందా, అది తెరిచే ఉంటుందా? ఇది తేలేవరకు తక్కిన చర్చ ఆపితే బాగుంటుందని నా మనవి.

రామగిరి నివాసి, నల్లగొండ | డిసెంబర్ 10, సాయంత్రం 6:25

స్నానాల గది లోపలే ఉందక్కా. గది ఐదడుగుల వెడల్పు, ఏడడుగుల పొడవు ఉంటుంది. పైన గాజు పలకల వెంటిలేటర్ ఉంది. దోమలు, చలిగాలి వస్తున్నాయని ఈ ఏడాది దీపావళి తరువాత దానికి బయటి నుంచి ప్లాస్టిక్ పట్టా కట్టించాను. స్నానం మధ్యలో ఆరిపోయేది పది నిమిషాలు దాటాకనే. ఇంకొక మాట చెప్పాలి. మొన్న సోమవారం మా అమ్మ స్నానం చేసి వచ్చి, తల తిరుగుతోందని, కడుపులో తిప్పుతోందని గోడ పట్టుకుని కూర్చుంది. బీపీ మాత్ర వేసుకోలేదేమోనని అనుకున్నాము.

పాలమూరు నర్సు | డిసెంబర్ 10, సాయంత్రం 6:39

దయచేసి ఈ రాత్రికే గీజర్ గ్యాస్ నాబు కట్టేయండి. రేపటి నుంచి స్నానానికి పొయ్యి మీద నీళ్లు కాచుకోండి. ఆ ప్లాస్టిక్ పట్టాను ఇప్పుడే తీసేయండి.

మంటకు సరిపడా గాలి అందకపోతే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. సిలిండర్ గ్యాస్ లీకైతే తెలియడానికి వాసన కలుపుతారు కానీ, మండిన తరువాత పుట్టే ఈ వాయువుకు ఆ వాసన ఉండదు. ఇది రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. మొదట తలనొప్పి, తల తిరగడం, వికారం వస్తాయి. ఆ తరువాత కాళ్లు సహకరించవు, తలుపు గడియ తీయాలని తెలిసినా చెయ్యి లేవదు. లోపల నుంచి గడియ వేసి ఉంటుంది కాబట్టి బయటి వాళ్లకు తెలిసేసరికి ఆలస్యమవుతుంది. గీజర్ ఉన్న స్నానాల గదిలో పడిపోయిన వాళ్లను ఆసుపత్రికి తెచ్చినప్పుడు చూశాను కనుక ఇంత గట్టిగా చెబుతున్నాను.

అమ్మగారిని రేపే డాక్టర్‌కు చూపించి, గ్యాస్ గీజర్ ఉన్న గదిలో స్నానం చేశాక తల తిరిగిందన్న మాట తప్పకుండా చెప్పండి. ఆ మాట చెప్పకపోతే వాళ్లూ బీపీ అనే అనుకుంటారు. వేలికి పెట్టే మామూలు ఆక్సిజన్ మీటర్ కూడా ఈ విషయంలో నమ్మదగింది కాదు, అది కార్బన్ మోనాక్సైడ్ పట్టిన రక్తాన్ని ఆక్సిజన్ ఉన్న రక్తంగానే చూపిస్తుంది.

నాగర్‌కర్నూల్ ఇంజినీర్ | డిసెంబర్ 10, రాత్రి 8:05

నర్సు గారి మాటకు లెక్క జోడిస్తున్నాను. కిలో గ్యాస్ పూర్తిగా మండాలంటే 15 కిలోలకు పైగా గాలి, అంటే సుమారు 13 ఘనమీటర్ల గాలి కావాలి. గీజర్ పావుగంట మండితే పావు కిలో గ్యాస్ కాలి, మూడు ఘనమీటర్లకు పైగా గాలిని వాడుకుంటుంది. మీ గది ఎత్తు తొమ్మిదడుగులు అనుకుంటే మొత్తం గాలి తొమ్మిది ఘనమీటర్లకు కొంచెం తక్కువ. పట్టా కట్టి, తలుపు మూసిన ఆ గదిలో ఒక్క స్నానానికి మూడో వంతు గాలి మంటకే పోతోంది. మిగిలిన గాలిలో మంట వదిలిన పొగ కలిసి ఉంటుంది, ఆ కలిసిన గాలినే మంట మళ్లీ పీలుస్తుంది, మనిషీ పీలుస్తాడు.

మిర్యాలగూడ మెకానిక్ | డిసెంబర్ 10, రాత్రి 8:40

అన్నా, పది నిమిషాల తరువాత ఆరిపోయేది జబ్బు కాదు. గాలి చాలక మంట పైకి లేచి, కుదురు తప్పి, సెన్సర్ కడ్డీకి తగలకుండా పోయింది, అందుకే వాల్వ్ మూసుకుంది. కొన్ని గీజర్లలో 20 నిమిషాలకు తనంతట తానే ఆగే టైమర్ కూడా ఉంటుంది కానీ, మీరు చెప్పిన సమయం దానికి సరిపోదు. ఆ ఆరిపోవడాన్ని బాగు చేయమని నన్ను పిలిచినా చేయను. గీజర్‌ను గది బయటికి మార్చండి. ఇంటి వెనుక గోడకు, సజ్జ కింద, వాన జల్లు, ఎదురుగాలి తగలని చోట బిగించి, వేడినీటి పైపును మాత్రమే లోపలికి తీసుకోవాలి. సిలిండర్ కూడా బయటే నిలువుగా ఉండాలి. గ్యాస్ గొట్టం ఒకటిన్నర మీటరు మించకుండా, ఐదేళ్లు దాటని నారింజ రంగు సురక్షా గొట్టమే వాడాలి. బిగించాక ప్రతి అతుకు దగ్గరా సబ్బు నురుగు రాసి చూడాలి, నురుగు ఉబ్బితే లీకు ఉన్నట్టే. ఎప్పుడైనా గ్యాస్ వాసన వస్తే రెగ్యులేటర్ కట్టేసి, స్విచ్చులు ముట్టుకోకుండా బయటికి వచ్చి 1906కు ఫోన్ చేయాలి.

రామగిరి నివాసి, నల్లగొండ | డిసెంబర్ 22, ఉదయం 10:30

ఇన్ని రోజులు జవాబు రాయనందుకు మన్నించాలి. అమ్మను డాక్టర్‌కు చూపించాము. ఇప్పుడు ఆమె బాగుంది. పాలమూరు నర్సు గారికి మా ఇంటిల్లిపాదీ రుణపడి ఉంటాము. గీజర్‌ను 13వ తేదీన వెనుక గోడకు మార్పించాను. ఆ తరువాత స్నానం మధ్యలో ఆరిపోవడం ఒక్కసారి కూడా జరగలేదు. మిగతా రెండు లోపాలు మాత్రం అలాగే ఉన్నాయి కనుక, మెకానిక్ అన్న చెప్పినట్టు వారం రోజులు నోటుబుక్కు రాశాను.

అందులో ఒక విషయం చూసి ఆశ్చర్యపోయాను. అసలు చప్పుడే రాని సందర్భాలు తొమ్మిది. ఆ తొమ్మిదీ మా అబ్బాయి, అమ్మాయి స్నానం చేసినప్పుడే. మా అమ్మ విషయంలో ఒక్కసారి కూడా అలా జరగలేదు. అబ్బాయి, అమ్మాయి నిలబడి గోడ షవర్ కింద స్నానం చేస్తారు. అమ్మ పీట మీద కూర్చుని, కింది నల్లా కింద బకెట్ పెట్టుకుని చెంబుతో పోసుకుంటుంది. ఆ తొమ్మిదింటిలో ఎనిమిది ఉదయం ఆరు లోపు, మోటర్ వేయకముందు జరిగినవే.

వెలిగి ఐదారు సెకన్లకు ఆరిపోయినవి నాలుగు. వాటికి మనిషితోనూ, ట్యాంకీతోనూ సంబంధం కనిపించలేదు.

నాగర్‌కర్నూల్ ఇంజినీర్ | డిసెంబర్ 22, మధ్యాహ్నం 12:15

ఈ నోటుబుక్కు ఏ మీటర్ కన్నా గొప్పగా పని చేసింది. నాకు మూడు కొలతలు కావాలి. నేల నుంచి ట్యాంకీ అడుగు ఎంత ఎత్తులో ఉంది, షవర్ ఎంత ఎత్తులో ఉంది, బకెట్ నల్లా ఎంత ఎత్తులో ఉంది? గీజర్‌తో ఇచ్చిన పుస్తకంలో కనీస నీటి ఒత్తిడి ఎంతో కూడా చూసి చెప్పండి.

రామగిరి నివాసి, నల్లగొండ | డిసెంబర్ 22, సాయంత్రం 5:50

టేపు పెట్టి కొలిచాను. ట్యాంకీ అడుగు నేలకు పన్నెండున్నర అడుగుల ఎత్తున, షవర్ ఆరున్నర అడుగుల ఎత్తున, నల్లా రెండున్నర అడుగుల ఎత్తున ఉన్నాయి. ట్యాంకీ వెయ్యి లీటర్లది, నిండితే మూడున్నర అడుగుల నీరు నిలుస్తుంది. పుస్తకంలో కనీస ఒత్తిడి 0.25 బార్ అని ఉంది.

నాగర్‌కర్నూల్ ఇంజినీర్ | డిసెంబర్ 22, రాత్రి 7:20

మీ ఇంటి గీజర్ సమస్యలో పెద్ద సగం ఈ కొలతల్లోనే తేలిపోయింది. పది మీటర్ల నీటి ఎత్తు సుమారు ఒక బార్ ఒత్తిడినిస్తుంది. ట్యాంకీ అడుగంటినప్పుడు షవర్‌కూ నీటి మట్టానికీ తేడా ఆరడుగులు, అంటే 1.8 మీటర్లు, ఒత్తిడి 0.18 బార్. ట్యాంకీ నిండుగా ఉన్నప్పుడు అదే తొమ్మిదిన్నర అడుగులు, 0.29 బార్. సగం ట్యాంకీ ఉన్నప్పుడు 0.24 బార్ దగ్గర నిలుస్తుంది. పుస్తకం అడిగిన 0.25 మీ సగం ట్యాంకీకి కాస్త పైన ఉంది! రాత్రంతా వాడుకోగా తెల్లవారేసరికి సగానికి దిగిన ట్యాంకీతో షవర్ తెరిస్తే, నీరు పారుతుంది కానీ డయాఫ్రమ్‌ను వంచేంత వేగంగా పారదు. అదే మీ అమ్మగారి నల్లాకు ట్యాంకీ అడుగంటినప్పుడు కూడా పది అడుగుల తేడా, 0.3 బార్ ఉంటుంది. ఆమెకు చన్నీళ్లు ఎందుకు రాలేదో ఇప్పుడు మీకే అర్థమవుతుంది. మీ ఇంటికి వచ్చిన మెకానిక్ పగలు పదింటికి, మోటర్ వేశాక వచ్చి ఉంటాడు. అప్పుడు ట్యాంకీ నిండుగా ఉంటుంది, ఆయనకు లోపం కనిపించే అవకాశమే లేదు.

అయితే ఈ లెక్క పైపులు శుభ్రంగా ఉన్నాయనుకుని వేసింది. రెండు చలికాలాలు ఇదే ట్యాంకీతో నడిచిన గీజర్ ఇప్పుడే ఆగుతోందంటే దారిలో ఎక్కడో అడ్డు పెరిగి ఉండాలి. గీజర్‌లోకి నీరు వెళ్లే చోట ఉండే జాలీని, షవర్ ముఖాన్ని విప్పి చూడండి.

దేవరకొండ సైన్స్ టీచర్ | డిసెంబర్ 23, ఉదయం 9:05

బోరు నీళ్లేనా వాడుతున్నారు? అయితే షవర్ రంధ్రాల దగ్గర తెల్లటి పెచ్చు కనిపిస్తుంది. చాలామంది మన జిల్లా పేరు వినగానే అది ఫ్లోరైడ్ అంటారు. నీటి శుద్ధిలో పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతికి నల్లగొండ పద్ధతి అనే పేరు స్థిరపడిపోయేంతగా మన నీటికీ ఫ్లోరైడ్‌కూ ముడి పడింది కాబట్టి, ఆ పొరపాటు సహజమే. కానీ పైపులో గట్టిపడే ఆ తెల్ల పెచ్చు ఫ్లోరైడ్ కాదు. నీటిలో కరిగిన కాల్షియం బైకార్బొనేట్ వేడికి విడిపోయి కాల్షియం కార్బొనేట్‌గా, అంటే సున్నపురాయిగా పేరుకుంటుంది. నిజానికి ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న నీటిలో తరచుగా కాల్షియం తక్కువే ఉంటుంది, ఎందుకంటే ఆ రెండూ కలిస్తే కరగని పదార్థమై కిందికి దిగిపోతాయి. నీటి కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉంటే మంచిదని భారతీయ ప్రమాణం చెబుతుంది, వేరే నీరు లేనిచోట 600 వరకు ఒప్పుకుంటుంది. ఒకసారి పరీక్ష చేయించుకోండి.

షవర్ ముఖాన్ని గోరువెచ్చని నీటిలో నిమ్మ ఉప్పు కలిపి రాత్రంతా నానబెట్టండి. పెచ్చు బుడగలు వస్తూ కరుగుతుంది. పిన్నీసుతో గుచ్చితే రంధ్రాలు పెద్దవై ధార చెదిరిపోతుంది, అలా చేయవద్దు.

జడ్చర్ల బిడ్డ, మినియాపోలిస్ | డిసెంబర్ 23, మధ్యాహ్నం 2:30

నేను పుట్టి పెరిగింది జడ్చర్ల. ఇప్పుడు ఉండేది అమెరికాలో, చలికాలంలో వారాల తరబడి సున్నాకు దిగువనే ఉండే ఊరిలో. ఇక్కడ చాలా ఇళ్ల కింద గ్యాస్ ఫర్నేస్ ఉంటుంది, అది వేడి చేసిన గాలి గొట్టాల ద్వారా గదుల్లోకి వస్తుంది. ఐదారు సెకన్లకు ఆరిపోయే లోపం గురించి చదవగానే రాయాలనిపించింది, ఎందుకంటే పోయినేడాది మా ఫర్నేస్ కూడా సరిగ్గా ఇలాగే కొన్ని రాత్రులు వెలిగి, కొన్ని రాత్రులు మొండికేసింది.

మంటలో విద్యుదావేశం ఉన్న కణాలుంటాయి. మంటలో మునిగి ఉన్న సెన్సర్ కడ్డీ గుండా మైక్రో ఆంపియర్లలో కొలిచేంత స్వల్పమైన కరెంటు పారుతుంది. ఆ కరెంటు కనిపిస్తేనే మంట ఉన్నట్టు లెక్క. కడ్డీ మీద సన్నని పొర పట్టినా ఆ కొద్ది కరెంటు కూడా పారదు. ఎదురుగా మంట భగభగ మండుతున్నా యంత్రానికి మంట లేనట్టే, వెంటనే గ్యాస్ మూసేస్తుంది. మా ఫర్నేస్ అలా కొన్నిసార్లు ప్రయత్నించి, ఆ తరువాత తనంతట తాను తాళం వేసుకుని కూర్చునేది. కడ్డీని విప్పి సన్నని ఉక్కు పీచుతో మెల్లగా తుడిచి బిగించగానే ఆ లోపం పోయింది. గరుకు కాగితంతో గట్టిగా రుద్దితే గీతలు పడి పొర మళ్లీ త్వరగా పడుతుందని వచ్చిన సర్వీస్ మనిషి చెప్పాడు.

మాకు ఇంకో రెండు కారణాలు కూడా ఎదురయ్యాయి. గాలి ఫిల్టర్‌కు దుమ్ము పట్టి లోపల వేడి ఎక్కువై ఆగిపోవడం ఒకటి, బయటి పొగ గొట్టం మూతికి మంచు అడ్డుపడి ప్రెషర్ స్విచ్ పని చేయకపోవడం ఇంకొకటి. పొగ పోయే దారి మూసుకుంటే మంటే రాకుండా ఆపే స్విచ్ అది. మీ వెంటిలేటర్ పట్టా సంగతి చదివినప్పుడు నాకు ఆ గొట్టమే గుర్తుకొచ్చింది. ఇక్కడ పడక గదుల దగ్గర కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టుకుంటారు. మన దగ్గర కూడా ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, ఒకటి తెప్పించుకోండి.

మిర్యాలగూడ మెకానిక్ | డిసెంబర్ 23, సాయంత్రం 4:10

జడ్చర్ల అన్న చెప్పింది గీజర్‌కూ అక్షరాలా వర్తిస్తుంది. ముందు మూత విప్పితే బర్నర్ మీద రెండు కడ్డీలు కనిపిస్తాయి. ఒకటి నిప్పురవ్వ పుట్టించేది, ఇంకొకటి సెన్సర్. సెన్సర్ తీగ చివర గుచ్చే క్లిప్పు వదులైనా ఇదే లక్షణం వస్తుంది, దాన్ని కూడా చూడండి. సెల్లులు మీరు మార్చామన్నారు కానీ, మామూలు చవక సెల్లులు చప్పుడు చేసేంత బలం ఉన్నా సోలినాయిడ్‌ను పట్టి ఉంచేంత బలం లేకుండా పోతాయి. ఒకటిన్నర వోల్టుల పెద్ద ఆల్కలైన్ సెల్లులు రెండు వేయండి. నీటి జాలీ, సెల్లులు, కడ్డీ తుడవడం వరకు మీరు చేసుకోవచ్చు, అది కూడా గ్యాస్, నీరు రెండూ కట్టేసి, బర్నర్ పూర్తిగా చల్లారాకనే. గ్యాస్ వైపు ఒక్క మర కూడా విప్పవద్దు.

రామగిరి నివాసి, నల్లగొండ | డిసెంబర్ 30, రాత్రి 8:45

ఆదివారం అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని అన్నీ విప్పాను. నీరు వెళ్లే చోట బొటనవేలి గోరంత జాలీ ఉంది. దాని సగానికి పైగా సన్నని ఇసుక, పచ్చటి పాచి, ఎప్పుడో పైపు కోసినప్పుడు పడిన ప్లాస్టిక్ తురుము పట్టేసి ఉన్నాయి. అరచేతిలో దులిపితే అర చెంచా వచ్చింది. షవర్ ముఖంలో మూడో వంతు రంధ్రాలు రాయిలా మూసుకుపోయాయి. సైన్స్ టీచర్ గారు చెప్పినట్టు నిమ్మ ఉప్పు నీటిలో వేయగానే గాజు గ్లాసు నిండా బుడగలు లేచాయి, తెల్లారేసరికి కొత్తదానిలా అయింది. బోరు నీటి పరీక్షలో కాఠిన్యం 540 వచ్చింది. సెన్సర్ కడ్డీ చివర బూడిద రంగు పొర ఉంది, పాత బట్ట, ఉక్కు పీచుతో తుడిచాను. క్లిప్పు నిజంగానే వదులుగా ఉంది, చిన్న పటకారుతో నొక్కి బిగించాను.

ఆ రోజు నుంచి ఐదారు సెకన్లకు ఆరిపోవడం లేదు. చప్పుడు రాకపోవడం ఆ తరువాత రెండుసార్లే జరిగింది. రెండుసార్లూ ట్యాంకీ పావు వంతుకు దిగి ఉంది, రెండుసార్లూ షవరే. దీనికి చిన్న మోటర్ పంపు పెట్టించనా, ట్యాంకీ దిమ్మె ఎత్తించనా?

నాగర్‌కర్నూల్ ఇంజినీర్ | డిసెంబర్ 30, రాత్రి 9:30

పంపు పెడితే కరెంటు పోయినప్పుడు మళ్లీ ఇదే ఇబ్బంది. కరెంటుతో పని లేకుండా నడవడమే గ్యాస్ గీజర్‌లోని సుఖం. నా ఓటు దిమ్మెకే. ఇంకో రెండున్నర అడుగులు ఎత్తితే ట్యాంకీ అడుగంటినప్పుడు కూడా షవర్‌కు ఎనిమిదిన్నర అడుగులు, 0.26 బార్ వస్తుంది. అది పుస్తకం అడిగిన దాని కన్నా ఒక్క పిసరే ఎక్కువ కాబట్టి, ట్యాంకీ నుంచి గీజర్ దాకా పైపు అరంగుళానిది అయితే ముప్పావు అంగుళానికి మార్పించండి, లేకపోతే ఎత్తిన లాభమంతా పైపు రాపిడిలోనే పోతుంది. ఒక్క జాగ్రత్త చెప్పాలి. నిండిన వెయ్యి లీటర్ల ట్యాంకీ అంటే టన్ను బరువు. దిమ్మె కాళ్లు స్లాబు మధ్యలో కాకుండా, కింద గోడో దూలమో ఉన్న చోటనే రావాలి. అంత అవసరం లేదని మేస్త్రీ అన్నా ఈ విషయంలో వినకండి.

దేవరకొండ సైన్స్ టీచర్ | డిసెంబర్ 31, ఉదయం 7:15

కాఠిన్యం 540 ఉన్న నీరు గీజర్ లోపలి రాగి చుట్టలో కూడా పేరుకుంటుంది. షవర్ బయట కనిపించింది కాబట్టి తెలిసింది, రాగి చుట్ట కనిపించదు. ఏడాదికోసారి మెకానిక్‌తో నిమ్మ ఉప్పు ద్రావణం ఎక్కించి కడిగించండి. వేడి నాబును చివరిదాకా తిప్పి చన్నీళ్లు కలుపుకునే అలవాటుంటే మానండి. నీరు ఎంత ఎక్కువ కాగితే పెచ్చు అంత ఎక్కువగా కడుతుంది.

రామగిరి నివాసి, నల్లగొండ | జనవరి 24, ఉదయం 6:20

సంక్రాంతి అయ్యాక మేస్త్రీని పిలిపించి, గోడల మీదికి వచ్చేట్టు రెండున్నర అడుగుల దిమ్మె కట్టించాను. పైపు ముప్పావు అంగుళానికి మార్పించాను. నిన్న సాయంత్రం కావాలనే మోటర్ వేయలేదు. ఈ ఉదయం 5:40కి మెట్లెక్కి ట్యాంకీ మూత తీసి చూస్తే అడుగున జానెడు నీరే ఉంది. కిందికి వచ్చి షవర్ తెరిచాను. మూడో టిక్కుకు వెలిగింది. ఇప్పుడు అబ్బాయి స్నానం చేస్తున్నాడు, గీజర్ వెనుక గోడ మీద నీలి మంటతో కుదురుగా మండుతోంది. స్నానాల గది వెంటిలేటర్ తెరిచే ఉంది. కార్బన్ మోనాక్సైడ్ అలారం కూడా వచ్చింది, గీజర్ పెట్టిన గోడకు ఇవతలే పడుకునే మా అమ్మ గదిలో దాన్ని బిగించాను.